మట్టి మీద పెట్టే డబ్బు గ్యాసు మీద పెట్టండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఓ పల్లె. ఇంటి నుంచే ఉద్యోగం. ఈమధ్య మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అక్వేరియం ట్యాంకు కొన్నాను. ముందంతా పచ్చగా పరుచుకునే మాంటెకార్లో, వెనకాల ఎర్ర ఆకుల రొటాలా పెంచాలని ఆశ. షాపులో అడిగితే ఆక్వాసాయిల్ అనే గుళికల మట్టి మూడు బస్తాలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కిట్టు కలిపి పాతికవేలు దాటుతుందన్నారు. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. "మట్టికి అంత డబ్బేంటి, మన చెరువు మట్టి వేసుకో" అంటున్నారు. అమ్మేమో ఇంట్లో ఇంకో గ్యాస్ బండ పెడితే పుట్టింటికి పోతానంటోంది. ఈస్టు, పంచదార సీసాలో కలిపి గ్యాసు చేసుకోవచ్చని వీడియోల్లో చూశాను. మా బోరు నీళ్లు నాన్న ల్యాబులో ఇస్తే పీహెచ్ 8.2, ఆల్కలినిటీ 280 అని రాసిచ్చారు. నెలకోసారి ఆఫీసు పని మీద నాలుగు రోజులు హైదరాబాద్ వెళ్లాలి. ఏది కొనాలి, ఏది మానాలి? ట్యాంకులో నాలుగు రొయ్యలు వేయొచ్చేమో కూడా అడగమన్నారు నాన్న.

— ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. అందరూ ట్యాంకు కొలతలు రాస్తారు, లైటు ఎన్ని వాట్లో రాస్తారు, నీళ్ల సంగతి మాత్రం "మామూలు బోరు నీళ్లేనండి" అని వదిలేస్తారు. మీరు ఆల్కలినిటీ 280 అని రాశారు. నా జవాబు దాదాపుగా ఆ అంకెలోనే ఉంది. రొయ్యల రైతు బిడ్డ కావడం ఇక్కడ కలిసొచ్చింది. ట్యాంకు కొన్నవాళ్లు నీటి పరీక్ష ఎక్కడ చేయించాలో తెలియక తిరుగుతుంటారు, మన దగ్గరేమో ఆక్వా ల్యాబు లేని సెంటరు కనపడదు.

ఆల్కలినిటీ అంటే నీటిలో ముఖ్యంగా బైకార్బనేట్ ఎంతుందో చెప్పే కొలత. ల్యాబు వాళ్లిచ్చే ఆ అంకెని 17.9తో భాగిస్తే అక్వేరియం వాళ్లు కేహెచ్ అని పిలిచే డిగ్రీలు వస్తాయి. మీ నీటికి అది 15.6. షాపులో మీకు చూపించిన ఆక్వాసాయిల్ నాలుగైదు డిగ్రీల లోపు మెత్తటి నీళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు. నల్లటి ఆ గుళికలు నీటిలోని కేహెచ్‌ని పీల్చి పీహెచ్‌ని ఆరు, ఆరున్నర దగ్గరికి దించుతాయి. దాని ధరలో సగం ఆ గుణానికే. మీరు వారం వారం మూడో వంతు నీళ్లు మార్చి మళ్లీ 15 డిగ్రీల బోరు నీళ్లే పోస్తారు. పోసిన ప్రతిసారీ ఆ గుళికలు ఎదురీదాలి. కొన్ని నెలలకే ఆ శక్తి హరించుకుపోతుంది. ఆ తర్వాత మీకు మిగిలేది వేర్లకు కాస్త ఎరువు పట్టి ఉంచే గుళికలు మాత్రమే. అది పనికిరాని సరుకని కాదు, మీ బోరు నీళ్లకు అది ఖరీదైన సరుకు అంటున్నాను. పైగా మొదటి రెండు మూడు వారాలు అమ్మోనియా వదులుతుంది, అన్నాళ్లూ చేపల్ని వేయకుండా ఆగాలి. ఆర్వో ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించుకుని పోసే ఓపిక ఉంటే ఆక్వాసాయిల్ కొనండి. లేదంటే ఆ డబ్బుని గ్యాసు వైపు మళ్లించండి.

నాన్నగారి సలహా సంగతి. మీరు కాదనలేక నన్ను అడిగారని అర్థమైంది. నా మాటగా ఆయన్నే ఓ ప్రశ్న అడగండి: పంట తీశాక చెరువు ఎండగట్టి, అడుగున నల్లమట్టిని డబ్బిచ్చి మరీ ఎందుకు తీయిస్తారండీ అని. తినగా మిగిలిన మేత, రొయ్యల రెట్ట, చచ్చిన నాచు కుళ్లి ఆ మట్టి కోడిగుడ్డు కుళ్లిన వాసన కొడుతుంది. ఆయన చెరువుకే పనికిరానిది మీ గాజు పెట్టెలో ఎలా పనికొస్తుంది? దానికి తోడు ఉప్పు. మీ ఊరి చెరువుల్లో ఉప్పు తగిలిన మట్టిలో మాంటెకార్లో పాతితే వారంలో గాజులా పారదర్శకమై కరిగిపోతుంది. పొలం మట్టి అయినా అంతే, అందులో యూరియా, డీఏపీ, పురుగుమందు ఎన్ని పంటలవి ఉన్నాయో ఎవరికి తెలుసు? అదీకాక మన నల్లరేగడి తడిస్తే పాయసంలా అయిపోతుంది, మొక్క పీకిన ప్రతిసారీ ట్యాంకు జూలైలో ఎర్రనీరొచ్చిన గోదావరిలా మారుతుంది.

మీకు నేను చెప్పేది దొడ్డు ఇసుక. ఇల్లు కట్టే చోట ప్లాస్టరింగుకి ఇసుక జల్లించి, జల్లెడ మీద మిగిలింది పక్కన కుప్ప పోస్తారు చూడండి, అదే. బియ్యపు గింజంత నుంచి పెసరగింజంత వరకు ఉన్న పలుకు చాలు, గులకరాళ్లు ఏరేయండి. ఎక్కడి ఇసుకో మాత్రం అడిగి తెచ్చుకోండి. రాజమండ్రి, ధవళేశ్వరం వైపు నుంచి వచ్చే ఇసుక మంచిది. అంతర్వేది వైపు దొరుకుతుంది కదా అని సముద్రపు ఒడ్డుది తెచ్చారంటే అందులో గవ్వల ముక్కలు, ఆల్చిప్పల పొడి ఉంటాయి. గ్యాసు ఎక్కిన నీళ్లకు అవి మెల్లగా కరిగి, ఇప్పటికే ఎక్కువగా ఉన్న కేహెచ్‌ని ఇంకా పెంచుతాయి. గుప్పెడు ఇసుక స్టీలు గిన్నెలో వేసి పొడిగా ఆరనిచ్చి, మునిగేంత వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి. చిటచిటమని సన్నగా చప్పుడొస్తే, బుడగలు లేస్తే, ఆ ఇసుక మొక్కల కుండీలకి వాడుకోండి.

కడగడం మాత్రం పెద్ద పనే. మీ ట్యాంకులో సగటున రెండు అంగుళాల మందం రావాలంటే 17 లీటర్ల ఇసుక కావాలి, అంటే పాతిక కిలోల పైమాటే. ఒక్కసారే టబ్బులో పోసి కడిగితే అడుగున మట్టి అలాగే ఉండిపోతుంది. బకెట్టులో మూడో వంతు ఇసుక వేసి, గొట్టం చివర అడుగు దాకా దూర్చి, చేత్తో బియ్యం కడిగినట్టు కలుపుతూ నీళ్లు పొర్లనివ్వాలి. మొదటి మూడు వంపులు కాఫీలా, తర్వాతివి మజ్జిగ తేటలా వస్తాయి. బకెట్టులో చెయ్యి ముంచితే వేళ్ల గోళ్లు కనపడాలి, అప్పటిదాకా ఆపొద్దు. నా మొదటి ట్యాంకుకి ఈ పని సగంలో వదిలేసి, ఆ తర్వాత నెల రోజులు తెల్లటి పొగమంచులో చేపల్ని చూసుకున్నాను. ఇంకో మాట: ట్యాంకులో పట్టే నీళ్లే 150 లీటర్ల దాకా ఉంటాయి, ఇసుక పాతిక కిలోలు, గాజు బరువు వేరు. రెండొందల కిలోలు దాటే దీన్ని టీవీ బల్ల మీద పెట్టకండి.

ఇసుకలో సారం ఉండదు కదా అంటారు. ఉండదు, మనం పెట్టాలి. వెనక భాగంలో మాత్రం, ఇసుక కింద అరంగుళం మందాన ఎర్రమట్టి పరవండి. కడియం నర్సరీల్లో దొరుకుతుంది. అయితే "కుండీల మట్టి" అని అడగొద్దు, దాంట్లో పశువుల ఎరువు, వేపపిండి కలిపేసి ఉంటారు. ఏమీ కలపని ఎర్రమట్టి అని గట్టిగా చెప్పి తెచ్చుకోండి. అందులో ఇనుముంటుంది, ఎరువుని పట్టి ఉంచే బంకా ఉంటుంది. దాని మీద రెండున్నర అంగుళాల ఇసుక. ముందు భాగంలో ఒట్టి ఇసుకే, అంగుళంన్నర. మాంటెకార్లోని కత్తిరించి పీకి మళ్లీ నాటే పని ఎప్పుడూ ఉంటుంది, కింద మట్టి ఉంటే ప్రతిసారీ పైకి లేస్తుంది. రూట్ ట్యాబ్లెట్లు, అంటే వేర్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలు, జానెడు దూరానికి ఒకటి చొప్పున లోతుగా గుచ్చండి, మూడు నెలలకోసారి కొత్తవి. ద్రవ ఎరువు కొనేటప్పుడు ఇనుము డీటీపీఏ రూపంలో ఉన్నది చూసుకోండి. ఈడీటీఏ రూపంలో ఉన్న ఇనుము మీ పీహెచ్ దగ్గర నిలవదు, మొక్కకు అందేలోపే విడిపోతుంది.

ఇక గ్యాసు. ఇది మీ ఇంట్లో అందరికంటే నాన్నగారికే సులువుగా అర్థమవుతుంది. చెరువులో పొద్దున చూసిన పీహెచ్ కంటే సాయంత్రం చూసింది ఎక్కువ ఉంటుందని ఆయనకి తెలుసు. పగలు నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తుంది, పీహెచ్ లేస్తుంది. రాత్రి నాచు, రొయ్య, అడుగు మట్టి అన్నీ కలిసి ఆక్సిజన్ లాగేసి గ్యాసు వదులుతాయి, పీహెచ్ దిగుతుంది. తెల్లవారుజామున ఏరేటర్లు తిప్పేది అందుకే. మీ ట్యాంకు కూడా చిన్న చెరువే. పీహెచ్ 8.2, కేహెచ్ 15.6 ఉన్న నీటిలో లీటరుకి 3 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ కూడా ఉండదు. మాంటెకార్లో తివాచీలా పరుచుకోవాలంటే 30 దాకా కావాలి. పదింతల తేడా. ఎంత ఖరీదైన మట్టి వేసినా ఈ లోటు తీరదు. అందుకే డబ్బు గ్యాసు మీద పెట్టమన్నాను.

ఈస్టు సీసా తప్పు కాదు. మన కల్లుకుండలో నురగ వచ్చేది కూడా ఇదే పని వల్ల. దింపిన కల్లు పొద్దున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి ఎలా పొంగుతుందో మన జిల్లాల వాళ్లకి నేను చెప్పాలా? సరిగ్గా అదే ఇబ్బంది. ఎండకి ఈస్టు రెచ్చిపోతుంది, నాలుగు రోజులు బుడగలు కుమ్మరించి తర్వాత చప్పబడిపోతుంది. రాత్రి ఆపుదామంటే ఆగదు, మూత బిగిస్తే సీసా పేలుతుంది. ఒక అడుగు ట్యాంకుకి సరదాగా పెట్టుకోవచ్చు, 150 లీటర్లకి అది చాలదు. నిమ్మఉప్పు, వంటసోడాతో నడిచే స్టీలు సీసాలు దానికంటే నయం, వాల్వు తిప్పి తగ్గించుకోవచ్చు. కానీ మీ సైజు ట్యాంకుకి రెండు మూడు వారాలకోసారి కలుపుకుంటూ కూర్చోవాలి. మీరు హైదరాబాద్‌లో ఉన్న రోజే అది అయిపోతుంది, నా మాట రాసి పెట్టుకోండి.

సిలిండరే కొనండి. అమ్మగారితో ఇలా చెప్పండి: వంట గ్యాసుకి నిప్పంటుకుంటుంది, దీనికి అంటుకోదు. ఆఫీసుల్లో గోడలకి తగిలించే మంటలార్పే ఎర్ర బండల్లో కొన్నిటిలో ఉండేది ఇదే గ్యాసు. గోలీ సోడాలో బుస్సుమనేది కూడా ఇదే. ఆమె భయంలో నిజం బొత్తిగా లేదనను. ఈ గ్యాసు గాలికంటే బరువు. తలుపులు బిగించి ఏసీ వేసుకునే పడకగదిలో లీకైతే కింద పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. అందుకని హాల్లో, గాలి తగిలే చోట, పడిపోకుండా గొలుసుతో గోడకి కట్టి నిలబెట్టండి. పడుకోబెట్టి వాడకూడదు. రెగ్యులేటరు బిగించాక వంట గ్యాసు అబ్బాయి చేసినట్టే సబ్బు నురగ రాసి చూడండి. నింపించడం ఎక్కడా అంటారా, మీ ఊళ్లో సోడా కొట్టు ఆయన్ని అడగండి, ఆయన ఎక్కడ నింపించుకుంటాడో మీరూ అక్కడే. బండ మీద పరీక్ష తేదీ చెక్కి ఉందో లేదో చూసుకోండి, రాసి ఉన్న బరువుకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ పట్టించొద్దు. 31 డిగ్రీలు దాటితే బండలో గ్యాసు ద్రవంగా నిలవదు, పీడనం పైకి పోతుంది. మన మే నెలలో ఇంట్లో 31 అనేది తెల్లవారుజామున కూడా తప్పదు కదా. ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి.

కిట్టులో వేటికి డబ్బు పెట్టాలో చెప్తాను. రెగ్యులేటరు రెండంచెలదై ఉండాలి, అంటే బండలోని పీడనాన్ని రెండు మెట్లలో దించేది. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఓ షాపులో చౌకగా వచ్చిందని ఒకంచె రెగ్యులేటరు తెచ్చాను. బండలో ద్రవం ఉన్నంతసేపూ మీటరు ముల్లు కదలదు, వంట గ్యాసు బండ లాగే తూకంతో తప్ప ఎంత మిగిలిందో తెలియదు. ద్రవం అయిపోయాక పీడనం చకచకా పడిపోతుంది. అప్పుడు ఆ ఒకంచె రెగ్యులేటరు తడబడి, తగ్గించాల్సింది పోయి ఎక్కువ వదిలింది. ఉదయం ఏడుకి టైమరు తెరుచుకుంది. నేను పెళ్లికి పోయి పదకొండుకి వచ్చేసరికి పదకొండు నియాన్ టెట్రా చేపలు నీటి పైన మూతులు పెట్టి కొట్టుకుంటున్నాయి, నీటిలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ బుడ్డి నిమ్మపండులా పసుపురంగులో మెరుస్తోంది. నాలుగు మిగిలాయి.

కరెంటుతో తెరుచుకునే సొలెనాయిడ్ వాల్వు తప్పనిసరి. కరెంటు లేనప్పుడు అది దానంతటదే మూసుకుంటుంది, మన కోతల ఊళ్లలో ఈ ఒక్క గుణం చాలు. టైమరుకి తగిలించి, లైటు వెలగడానికి గంటన్నర ముందు తెరుచుకునేలా, లైటు ఆరడానికి గంట ముందు మూసుకునేలా పెట్టండి. రాత్రి మొక్కలకి ఈ గ్యాసు అక్కర్లేదు, అప్పుడు అవీ చేపల్లాగే ఆక్సిజన్ పీలుస్తాయి. గ్యాసు ఆగగానే చిన్న ఏరేటరు తిరిగేలా ఇంకో టైమరు పెడితే ఇంకా మంచిది. గొట్టంలో చెక్ వాల్వు మరిచిపోకండి, లేకపోతే గ్యాసు ఆగినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కి రెగ్యులేటరులోకి పోతాయి. గ్యాసుని సన్నటి బుడగలుగా చేసే డిఫ్యూజరు, ఫిల్టరు నీళ్లు తోసే దారిలో కింద ఉండాలి, సన్నటి పొగలాంటి బుడగలు ట్యాంకంతా తిరగాలి.

ఎంత వదలాలన్నదానికి సెకనుకి ఇన్ని బుడగలని లెక్క చెప్పేవాళ్లని నమ్మకండి. ఒకటితో మొదలుపెట్టి, వారం రోజుల మీద మెల్లగా పెంచండి. డ్రాప్ చెకర్‌లో మీ ట్యాంకు నీళ్లు పోయొద్దు, కేహెచ్ 4 అని రాసి ఉన్న ద్రావణమే పోయాలి. నీలంగా ఉంటే తక్కువ, లేత ఆకుపచ్చ అయితే 30 దగ్గర, పసుపు అయితే వెంటనే తగ్గించాలి. రంగు మారడానికి గంటో రెండు గంటలో పడుతుంది కాబట్టి వాల్వు తిప్పిన వెంటనే చూసి మళ్లీ తిప్పకండి. చాలామంది పీహెచ్ 6.6కి రావాలని గ్యాసు తిప్పుతూ పోతారు. అది కేహెచ్ 4 నీళ్ల లెక్క. మీ 15.6కి 7.2 దగ్గరే 30 వచ్చేస్తుంది. 6.6 దాకా వెళ్లారంటే చేపలు బతకవు. ఎండాకాలంలో ఇంకాస్త తగ్గించే ఉంచండి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్ 30 డిగ్రీలకి ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది, చేపకి ఊపిరి తీసుకునే చోటే తక్కువ. హైదరాబాద్ వెళ్లే ముందు మూడు రోజుల్లో మాత్రం బుడగల్ని పెంచి తగ్గించే ఆ నీడిల్ వాల్వు ముట్టుకోవద్దు.

లైటు మొదటి నెల రోజుకి ఆరు గంటలు, తర్వాత ఎనిమిది. రొటాలాల్లో రొటుండిఫోలియా తీసుకోండి, గట్టి నీళ్లని ఓర్చుకుంటుంది. షాపులో ఫొటో చూపించి మాక్రాండ్రా అంటగడతారు, అది మీ నీళ్లలో ఏడుస్తుంది. సీసాలో "లిక్విడ్ కార్బన్" అని అమ్మేది కార్బన్ డయాక్సైడ్ కాదు, గ్లుటరాల్డిహైడ్. హేచరీల్లో క్రిములు చంపడానికి వాడే మందే. చేతికి తగిలితే మంట, వాలిస్నేరియా మీద పడితే మొక్క కరిగిపోతుంది.

ఇదంతా చదివి అమ్మగారు ఇంకా ససేమిరా అంటే, గ్యాసు లేకుండానే పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు మాంటెకార్లోని మరిచిపోవాలి. మన కాలవల్లో ప్రవాహానికి రిబ్బన్లలా ఊగే వాలిస్నేరియా, హైడ్రిల్లా మీ గట్టి నీళ్లలోని బైకార్బనేట్‌నే తిని పెరుగుతాయి, వాటికి సిలిండరు అక్కర్లేదు. క్రిప్టోకొరైన్, కొయ్యకి కట్టిన జావా ఫెర్న్, అనుబియాస్ ఇంకో వరస. ఇసుక, ఎర్రమట్టి నేను చెప్పినట్టే. లైటు ఆరు గంటలు దాటనివ్వకండి, లేదంటే పాచి వచ్చి కూర్చుంటుంది. కాలవలో నుంచి తెచ్చిన మొక్కల్ని వారం రోజులు విడిగా బకెట్టులో ఉంచి, నత్తలు, జలగలు చూసుకునే ట్యాంకులో వేయండి.

రొయ్యల సంగతి. వెనామీ రొయ్యకి ఉప్పు కావాలి, మీ మొక్కలకి ఉప్పు పడదు, కాబట్టి ఇద్దర్నీ ఒక ఇంట్లో పెట్టలేం. నీలకంఠ రొయ్య మంచినీటిదే కదా అని నాన్నగారు అనొచ్చు. అది రెండు రోజుల్లో మాంటెకార్లోని పీకి, మూడో రోజు నుంచి రాత్రుళ్లు చేపల్ని పట్టుకుంటుంది. దాన్ని చెరువులోనే ఉండనివ్వమనండి, తినాలనిపించినప్పుడు కూరకి తెస్తారు.